మంచు పట్టిన కారు తలుపు: లాగకండి, ముందు తొయ్యండి

మినియాపొలిస్‌లో జనవరి నెల. రాత్రంతా ఆరుబయట ఉన్న కారు దగ్గరికి పొద్దున్నే వెళ్ళి హ్యాండిల్ పట్టుకుని లాగితే తలుపు రాదు. లాక్ తెరుచుకున్న చప్పుడు వినపడుతుంది, లైట్లు వెలుగుతాయి, తలుపు మాత్రం కదలదు. అప్పుడు చెయ్యి తనంతట తానే ఇంకోసారి, ఈసారి గట్టిగా, లాగుతుంది. ఇక్కడి చలికాలాల్లో నేను చూసిన విరిగిన హ్యాండిళ్ళూ, చిరిగిన రబ్బరు బీడింగులూ, తలుపు లోపలికి జారిపోయిన అద్దాలూ చాలావరకు ఆ రెండో లాగుడుకో, స్విచ్ మీద రెండో నొక్కుడుకో పాడైనవే. హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో ఉద్యోగం మారి మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియో వైపు కొత్తగా వచ్చేవాళ్ళకి ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. అందుకని నేను ఏ వరసలో ఏం చేస్తానో, ఏ సామాను వాడతానో, ఏది ఎందుకు పనికిరాదో వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం అర్థమైతే మిగతాదంతా సులువు. తలుపును పట్టేసేది చలి కాదు, తడి. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే మన లెక్కలో మైనస్ 33 డిగ్రీలు. అంత చలిలో కూడా పొడిగా ఉన్న రబ్బరు రేకుకి అతుక్కోదు. అదే 30 ఫారెన్‌హీట్ దగ్గర, సున్నాకి ఒక్క డిగ్రీ కింద, సన్నటి వాన పడుతూ గడ్డకడితే నాలుగు తలుపులూ ఒకేసారి బిగుసుకుంటాయి. తలుపు చుట్టూ ఉండే నల్ల రబ్బరు బీడింగ్‌కీ కారు బాడీకీ మధ్య నీటి పొర చేరి గట్టిపడితే అది జిగురులా పట్టుకుంటుంది. ఆ నీళ్ళు ఎక్కడివి? పగటి ఎండకి కారు కప్పు మీద మంచు కరిగి కారినవి, గడ్డకట్టే వానవి, కార్ వాష్‌లో పడినవి. చాలామంది ఊహించనిది ఇంకోటుంది: వెచ్చటి గరాజ్. మంచు నిండిన కారును రాత్రి హీటర్ ఉన్న గరాజ్‌లో పెడితే మంచంతా కరిగి బీడింగుల్లోకి దిగుతుంది. పొద్దున తలుపు హాయిగా తెరుచుకుంటుంది. ఆఫీసు పార్కింగ్‌లో ఎనిమిది గంటలు నిలబెట్టాక సాయంత్రం పట్టేస్తుంది. బయట పెట్టే కారు కంటే గరాజ్ కారుకి ఈ బాధ ఎక్కువగా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

తలుపు రాకపోతే ఏది పట్టేసిందో ముందు గమనించాలి. హ్యాండిల్ మామూలుగా కదిలి, లోపల గొళ్ళెం విడిన చిన్న చప్పుడు వినిపించి, తలుపు మాత్రం రాకపోతే అది బీడింగ్. హ్యాండిలే కదలకపోతే దాని సందులో ఐసు ఉంది. లాగిన హ్యాండిల్ తిరిగి వెనక్కి వెళ్ళకుండా బయటే వేలాడుతుంటే లోపలి కేబులో స్ప్రింగో ఐసులో ఇరుక్కుంది. లాక్ చప్పుడే రాకపోతే రిమోట్ బ్యాటరీనో కారు బ్యాటరీనో చలికి నీరసించింది. ఒక్కోదానికి మందు వేరు. బీడింగ్ అతుక్కున్న తలుపుకి తాళం కన్నంలో ఐసు కరిగించే మందు కొడితే ఏమొస్తుంది?

బీడింగ్ అయితే మొదటి పని తొయ్యడం. తలుపును లోపలికి, కారు వైపుకి అదిమితే రబ్బరు నొక్కుకుని ఐసు పొర పగులుతుంది. ఐసు పెళుసు, రబ్బరు మెత్తన. నొక్కితే ఐసు విరుగుతుంది, లాగితే రబ్బరు చిరుగుతుంది. అరచేతి మడమతో తలుపు అంచుల వెంబడి తోస్తాను: హ్యాండిల్ పక్కన, పై మూల, కింది మూల, మళ్ళీ హ్యాండిల్ పక్కన. ఒక్కో చోట ఐదారు సార్లు. చెయ్యి చాలకపోతే నడుముతోనో భుజంతోనో ఒరిగి ఒంటి బరువు వేస్తాను. తలుపు మధ్యలో రేకు పలచగా ఉంటుంది, అక్కడ నొక్కితే సొట్ట పడుతుంది. అద్దాన్ని అసలు తొయ్యకూడదు. లోపల చిటచిటమన్న చప్పుడు వస్తే పని అవుతున్నట్టే. తర్వాత హ్యాండిల్ నిదానంగా, కుదుపు లేకుండా లాగాలి. తలుపు ఒక మూల కాస్త విడి, ఆ సందులో రబ్బరు సాగుతూ కనిపిస్తే వెంటనే ఆపెయ్యాలి. ఎక్కడ సాగుతోందో అక్కడే ఇంకా పట్టుంది. మళ్ళీ అక్కడే తొయ్యాలి, లేదా అక్కడ మందు కొట్టాలి.

గడ్డకట్టే వాన తర్వాత తలుపు సందు మీదంతా గాజు పలకలాంటి ఐసు కప్పేసి ఉంటుంది. దాన్ని ముందు తీసెయ్యకపోతే ఎంత తోసినా వృథా. ప్లాస్టిక్ స్క్రేపర్ వెనకవైపుతో సందు వెంబడి చిన్నగా తడితే పలకలు పలకలుగా ఊడిపోతుంది. స్క్రూడ్రైవరు, చాకు, ఇనప గరిటె వద్దు. పెయింట్ మీద పడిన చిన్న గీతలోకి రోడ్డు మీద చల్లే ఉప్పు చేరితే అక్కడ తుప్పు మొదలవుతుంది.

ఇక మందు సంగతి. షాపులో డీ-ఐసర్ డబ్బాలు దొరుకుతాయి, బాగానే పనిచేస్తాయి. నేను ఇంట్లోనే కలుపుకుంటాను: మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు కప్పులు, నీళ్ళు ఒక కప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ సోపు నాలుగైదు చుక్కలు. స్ప్రే సీసాలో పోసి కుదిపితే సరి. సోపు వల్ల మందు ఐసు మీంచి జారిపోకుండా పరుచుకుంటుంది. ఒక్క జాగ్రత్త: సున్నా ఫారెన్‌హీట్ దగ్గరికి, అంటే మైనస్ 18కి, వాతావరణం దిగిందంటే ఈ పలచటి మిశ్రమం తనే ముద్దకట్టడం మొదలుపెడుతుంది. అలాంటి రోజుల్లో నీళ్ళు కలపకుండా 70 శాతందే పోస్తాను. తలుపు పై అంచు సందులో కొడితే పక్కల వెంబడి తనే కిందికి దిగుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగి, మళ్ళీ తోసి, అప్పుడు లాగాలి. చాలామంది కొట్టిన వెంటనే లాగి పని చెయ్యలేదంటారు. ఆ రెండు నిమిషాలే అసలు పని చేసేవి. ఆల్కహాల్ మండే సరుకు కాబట్టి దగ్గర్లో సిగరెట్, లైటర్ ఉండకూడదు. మరోటి, ఆల్కహాల్ బీడింగ్ మీదున్న సిలికాన్ పొరను కడిగేస్తుంది. అందుకే మందు వాడిన సాయంత్రం రబ్బరు తుడిచి మళ్ళీ సిలికాన్ రాయాలి, లేకపోతే మర్నాడు అదే కథ.

ఇంట్లో ఆల్కహాల్ లేకపోతే మైనస్ 20 ఫారెన్‌హీట్ అని రాసి ఉన్న వైపర్ ఫ్లూయిడ్ స్ప్రే సీసాలో పోసి వాడొచ్చు. 32 అని రాసి ఉన్న వేసవికాలం రకం పనికిరాదు, అది తనే గడ్డకడుతుంది. ఈ ఫ్లూయిడ్‌లో మిథనాల్ ఉంటుంది. నీలంగా, తాగే డ్రింకులా కనిపిస్తుంది, కానీ విషం. పిల్లలకి అందే చోట పెట్టకండి, పాత కూల్‌డ్రింక్ సీసాల్లో అస్సలు పొయ్యకండి.

వేడినీళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. మనకి ఏది పట్టేసినా వేడినీళ్ళు పొయ్యడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ ఆ పని రెండు రకాలుగా ముంచుతుంది. మైనస్ 20 డిగ్రీల్లో ఉన్న అద్దం మీద వేడినీళ్ళు పడితే పైపొర వ్యాకోచిస్తుంది, లోపలి పొర అలాగే ఉంటుంది. ముందే చిన్న రాయి దెబ్బ ఉన్న విండ్‌షీల్డ్ అయితే ఈ ఒత్తిడికి బీట పొడుగునా సాగుతుంది. పక్క అద్దాలు ఏకంగా పొడిపొడిగా పగలొచ్చు. అద్దం బతికినా, పోసిన నీళ్ళు తలుపు లోపలికి, తాళంలోకి, గొళ్ళెంలోకి దిగి కాసేపటికి అవీ గడ్డకడతాయి. పొద్దున ఒక తలుపు సమస్య మధ్యాహ్నానికి మూడు సమస్యలవుతుంది. వేడి కావాలంటే జిప్ సంచిలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, మూతి బాగా బిగించి, హ్యాండిల్ మీదా సందు మీదా కాపడంలా పెట్టొచ్చు. వేడి తగులుతుంది, తడి తగలదు. ప్లగ్ పాయింట్ దగ్గర్లో ఉంటే హెయిర్ డ్రయ్యర్ అన్నిటికంటే మంచిది: ఒక జానెడు దూరం నుంచి, తక్కువ వేడి మీద, ఒకే చోట ఆపకుండా తిప్పుతూ. తీగ మాత్రం ఆరుబయట వాడే రకమే ఉండాలి. మంట చూపించడం వద్దే వద్దు.

డ్రైవరు వైపు తలుపు రావట్లేదని దానితోనే కుస్తీ పట్టక్కర్లేదు. నాలుగు తలుపులూ, వెనక డిక్కీ తలుపూ ఒక్కోటీ నెమ్మదిగా ప్రయత్నించి చూడాలి. గాలి వీచే వైపు తలుపులు గడ్డకట్టినా వెనక చాటున ఉన్నది తరచూ వచ్చేస్తుంది. అందులోంచి లోపలికి పాకి ఇంజన్ వేసి, అద్దాల మీదికి వేడిగాలి కొట్టే డీఫ్రాస్ట్ పెట్టి, పది పదిహేను నిమిషాలు ఉంచితే లోపలి వేడికి మిగతా బీడింగులు మెత్తబడతాయి. అప్పుడు తలుపులను లోపల్నుంచి కాలితో తన్నకండి. బయటికి తన్నడమంటే బయట్నుంచి లాగడంలాంటిదే, రబ్బరు అలాగే చిరుగుతుంది. ఇంజన్ వేసే ముందు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యడం మరిచిపోవద్దు. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. దానికి వాసన ఉండదు, మనిషి నిద్రలోకి జారినట్టు జారిపోతాడు. గరాజ్‌లో అయితే పెద్ద తలుపు తీసి ఉన్నా సరే, కారు బయటికి తీసుకొచ్చాకే వేడెక్కించాలి. రిమోట్ స్టార్ట్ ఉన్నవాళ్ళు కూడా బటన్ నొక్కే ముందు పొగగొట్టాన్ని ఒకసారి చూసి రావాలి.

హ్యాండిల్ పట్టేస్తే: సందులోని ఐసును స్క్రేపర్ మూలతో తీసి, పిడికిలి పక్కభాగంతో హ్యాండిల్ చుట్టూ తట్టాలి. రేకుతో సమంగా లోపలికి అణిగి ఉండే హ్యాండిళ్ళకి ఇదే మొదటి మందు. ఒక చివర నొక్కితే రెండో చివర బయటికి రావాలి కాబట్టి, నొక్కాల్సిన వైపు ఐసు ముందు పగలాలి. కార్డు ముక్కతో, తాళం చెవితో పెకలించకండి, లోపలి ప్లాస్టిక్ కొక్కెం చిన్నది. ఎలక్ట్రిక్ కారైతే ఫోన్ యాప్‌లోంచి బయల్దేరే అరగంట, ముప్పావుగంట ముందే వేడి పెట్టొచ్చు. ఛార్జర్ తగిలించి ఉండగా పెడితే ఆ కరెంటు బ్యాటరీలోంచి పెద్దగా పోదు.

బటన్ నొక్కితే తెరుచుకునే చాలా కార్లలో కూడా రిమోట్ లోపల ఒక ఇనప తాళంచెవి దాగి ఉంటుంది. డ్రైవరు హ్యాండిల్ పక్కన చిన్న ప్లాస్టిక్ మూత వెనక దాని కన్నం ఉంటుంది. ఇవి ఎక్కడున్నాయో వెచ్చగా ఉన్న రోజునే చూసి పెట్టుకోవాలి. కన్నం గడ్డకడితే చేతులకి రాసుకునే శానిటైజర్ తాళంచెవి మీద పట్టించి లోపలికి దూర్చి, అరనిమిషం ఆగి, మెల్లగా అటూ ఇటూ కదపాలి. అందులోని ఆల్కహాలే ఐసును కరిగిస్తుంది. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపల చేరి ఇంకా గట్టిపడుతుంది. తాళంచెవిని లైటర్‌తో కాల్చే పాత పద్ధతి ఇప్పటి చెవులకి పనికిరాదు. తలలో చిప్ ఉంటుంది, అది కాలితే బండి స్టార్టే అవదు. బలంగా తిప్పితే చెవి కన్నంలోనే విరుగుతుంది. కరిగాక ఆరనిచ్చి గ్రాఫైట్ పొడి గానీ పొడిగా ఆరే టెఫ్లాన్ స్ప్రే గానీ వెయ్యాలి, రెండూ కాదు, నూనె అసలే కాదు. గ్రాఫైట్ మీద నూనె పడితే బంకలా తయారవుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది తలుపు తెరుచుకోకపోవడం కాదు, మూసుకోకపోవడం. ఎలాగో తెరుస్తాం, ఎక్కుతాం, మూస్తే దడేల్మని వెనక్కి వస్తుంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. తలుపు అంచులో ఉన్న గొళ్ళెం లోపల రెండు వేళ్ళలాంటి ఇనప ముక్క ఒకటి తిరుగుతుంది. బాడీకి ఉన్న కడ్డీని అది పట్టుకోవాలి. తడి చేరి గడ్డకట్టడం వల్లనో, పాత గ్రీజు చలికి గట్టిపడటం వల్లనో అది సగంలో ఆగిపోతుంది. దాన్ని చూసి, ఆల్కహాల్ బాగా కొట్టి, రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో ఆ ముక్కను మూసుకునే వైపుకి తిప్పి చూడాలి. టక్ మని రెండు మెట్లుగా పడితే గొళ్ళెం బాగుపడినట్టు. ఇక్కడే అందరూ పొరబడతారు: అలా స్క్రూడ్రైవర్‌తో మూసిన గొళ్ళేన్ని, హ్యాండిల్ లాగి పట్టుకుని మళ్ళీ తెరిచిన తర్వాతే తలుపు వెయ్యాలి. మరిచిపోయి వేస్తే మూసి ఉన్న గొళ్ళెం వెళ్ళి కడ్డీకి గుద్దుకుని రెండూ వంకరపోతాయి. పదిసార్లు మూసి తెరిచాక తెల్ల లిథియం గ్రీజు స్ప్రే కొద్దిగా కొట్టాలి. తలుపును తాడుతోనో సీటు బెల్టుతోనో కట్టి నడపడం చూశాను. మలుపులో తలుపు తెరుచుకుంటే ఆ కట్టు ఆపలేదు. గొళ్ళెం పడేదాకా బండి కదపకూడదు.

కిటికీ అద్దాలు. ఇక్కడ నియమం ఒక్కటే: ఐసు ఉన్నంతసేపూ స్విచ్ ముట్టుకోవద్దు. అద్దం జారే గాడిలో రబ్బరు, దానిమీద మఖమల్ లాంటి నూగు ఉంటుంది. ఆ నూగు నీళ్ళు పీల్చుకుని అద్దాన్ని పట్టేస్తుంది. స్విచ్ నొక్కితే మోటారు లాగుతుంది, అద్దం కదలదు, మధ్యలో ఉన్నదేదో తెగుతుంది. చాలా కార్లలో అద్దాన్ని రెగ్యులేటర్‌కి, అంటే దాన్ని పైకీ కిందికీ జరిపే యంత్రానికి, పట్టి ఉంచేవి ప్లాస్టిక్ క్లిప్పులు. చలికి ప్లాస్టిక్ పెళుసవుతుంది. క్లిప్పు విరిగితే, లేదా సన్నటి ఇనప తీగ డ్రమ్ములోంచి తప్పుకుంటే, టపీమని చప్పుడు వచ్చి అద్దం తలుపు లోపలికి పడిపోతుంది. మైనస్ చలిలో కిటికీ మూత లేని కారు ఎంత నరకమో చెప్పక్కర్లేదు. అదృష్టముంటే ఫ్యూజ్ మాత్రమే పోతుంది. లేదా మోటారు వేడెక్కి తనంతట తానే కాసేపు ఆగిపోతుంది. అప్పుడు పది నిమిషాలు వదిలేస్తే తిరిగి పనిచేస్తుంది.

ఇది సాధారణంగా జరిగేది ఇంటి దగ్గర కాదు, కాఫీ కొనే డ్రైవ్-త్రూ కిటికీ దగ్గర. అలవాటుగా వేలు స్విచ్ మీదికి పోతుంది. గడ్డకట్టే వాన పడిన రోజున డ్రైవరు స్విచ్ మీద చిన్న టేపు ముక్క అంటిస్తాను. వెనక పిల్లలుంటే కిటికీ లాక్ బటన్ నొక్కేస్తాను. అవసరమైతే తలుపు తీసి డబ్బులివ్వొచ్చు, తప్పేమీ లేదు. కారు లోపల అరగంట వేడి తగిలాక స్విచ్‌ను ఒక్క సెకను మాత్రం నొక్కి చూడాలి. అద్దం ఒక పిసరు కదిలితే సరే. మోటారు మూలుగు మాత్రమే వినిపిస్తే వెంటనే వదిలెయ్యాలి. అద్దం పై అంచున అతుక్కున్నప్పుడు అరచేతులు రెండూ అద్దానికి ఆనించి కాస్త వేడి చేస్తూ, స్క్రేపర్‌తో పైసందు శుభ్రం చేసి ప్రయత్నిస్తే చాలాసార్లు విడుతుంది. ఇలా ఇబ్బందిపడ్డాక కొన్ని కార్లలో ఒక్క నొక్కుకే పైదాకా వెళ్ళే సదుపాయం పోతుంది. అది పాడవడం కాదు. అద్దం పూర్తిగా పైకి వెళ్ళాక స్విచ్‌ను ఐదు సెకన్లు పైకే పట్టుకుంటే చాలా బళ్ళలో తిరిగి వచ్చేస్తుంది.

తలుపుకి అద్దం చుట్టూ చట్రం లేని కార్లకి ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. వాటిలో హ్యాండిల్ లాగగానే అద్దం కొద్దిగా కిందికి దిగి, తలుపు వేశాక మళ్ళీ పైకి ఎక్కుతుంది. గడ్డకట్టిన అద్దం దిగదు. అయినా తలుపు లాగితే అద్దం అంచు పై బీడింగ్‌లో ఇరుక్కుని రబ్బరునో, తళుకు పట్టీనో, అద్దాన్నో దెబ్బతీస్తుంది. ఎలాగో తెరిచినా, అద్దం దిగకుండా పైనే ఉంటే తలుపు దడాల్న వెయ్యకండి. లోపల కూర్చుని తలుపు ఓరగా పట్టుకుని హీటర్ వేసి, అద్దం దిగాక మూయండి. ఇలాంటి కారు ఉన్నవాళ్ళు ముందే యాప్ లేదా రిమోట్ స్టార్ట్‌తో వేడిచెయ్యడం విలాసం కాదు, అవసరం.

పిల్లలున్న మనవాళ్ళ ఇళ్ళలో సియెన్నా, ఒడిస్సీ లాంటి వ్యాన్‌లు ఎక్కువ. వాటి జారుడు తలుపుకి మోటారు ఉంటుంది, అది మొండిగా లాగుతుంది. తలుపు పట్టేసినప్పుడు బటన్ పదేపదే నొక్కితే కేబులుకి ప్రమాదం. డ్రైవరు దగ్గర పవర్ డోర్లను ఆపే మెయిన్ స్విచ్ ఒకటుంటుంది. అది ఆపి, తలుపును తోసి ఐసు పగలగొట్టి, చేత్తో జరపాలి. కింది పట్టాలో మంచు, ఇసుక, ఉప్పు కలిసి గట్టి ముద్దయి చక్రాన్ని ఆపేస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో, చెక్క పుల్లతో అది తీసెయ్యాలి. పిల్లలు బూట్లు విదిలించేది సరిగ్గా ఆ పట్టాలోకే కాబట్టి జనవరిలో వారానికోసారి చూడటం మంచిది.

ఇంతదాకా పట్టేశాక చేసే పని చెప్పాను. పట్టకుండా చేసే పనికి గంట చాలు. దసరాకీ దీపావళికీ మధ్య, చెయ్యి బయటపెట్టగలిగే వాతావరణం ఉన్న ఒక శనివారం చేస్తాను. సంక్రాంతి ప్రాంతంలో, కాస్త మెత్తబడిన రోజు చూసి, మళ్ళీ ఒకసారి. ముందు అన్ని తలుపులూ, డిక్కీ తెరిచి, గోరువెచ్చటి నీళ్ళలో కొద్దిగా సోపు వేసి గుడ్డతో బీడింగ్ మొత్తం తుడుస్తాను. బీడింగ్ తలుపుకి ఒక వరస, బాడీకి ఒక వరస ఉంటుంది, రెండూ తుడవాలి. మడతల్లో వేలు పెట్టి లోపలి మట్టి తియ్యాలి. ఆ మట్టే నీళ్ళను పట్టి ఉంచేది. రబ్బరు ఆనే రేకు భాగాన్ని కూడా తుడవాలి, చాలామంది అది వదిలేస్తారు. పూర్తిగా ఆరాక సిలికాన్. స్ప్రే అయితే నేరుగా కారు మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో రుద్దుతాను. నేరుగా కొడితే పెడల్స్ మీదా, నేల మీదా పడి బూటు జారుతుంది. బ్రేకు డిస్కు మీద పడితే ఇంకా ప్రమాదం. ముద్దలా ఉండే సిలికాన్ గ్రీజు అయితే స్ప్రే కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. శనగగింజంత తీసుకుని వేలితో ఒక మూరెడు పొడవు రుద్దాలి, పైన మెరుపు కనిపించాలి గానీ ముద్ద కనిపించకూడదు. ఎక్కువ రాస్తే బట్టలకి అంటుతుంది, దుమ్ము పడుతుంది. కారుకి త్వరలో పెయింట్ పని చేయించాల్సి ఉంటే సిలికాన్ వాడినట్టు ముందే చెప్పాలి, ఆ జిడ్డు మీద కొత్త పెయింట్ పట్టదు.

సిలికాన్ బదులు ఇంట్లో ఉన్నది రాస్తే పోదా అని అడుగుతుంటారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరులో మన ఇంటి సీసాలో చూసేదే కదా, ఇక్కడి చలిలో అది మైనంలా తయారై రబ్బరును తనే పట్టుకుంటుంది. వంటనూనె కొన్నాళ్ళకి బంకలా మారి కంపు కొడుతుంది. వాజిలిన్, డబ్ల్యూడీ-40 లాంటి పెట్రోలియం సరుకులు మొదట బాగానే పనిచేసినట్టుంటాయి. కానీ ఇప్పటి బీడింగులు ఎక్కువగా ఈపీడీఎమ్ అనే రబ్బరుతో చేసినవి, పెట్రోలియం నూనెలు దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తాయి. ఒకటి రెండు చలికాలాల్లో బీడింగ్ ఆకారం తప్పి వాన నీళ్ళు లోపలికి వస్తాయి.

అద్దం గాడికి గ్రీజు వద్దు, స్ప్రేనే. డబ్బాతో వచ్చే సన్నటి గొట్టం తగిలించి, అద్దం సగం దింపి, రెండు పక్కల గాడిలోకి ఒక్కో సెకను కొట్టి, అద్దాన్ని నాలుగైదు సార్లు పైకీ కిందికీ తిప్పాలి. అద్దం మీద పడిన జిడ్డును ఆల్కహాల్ గుడ్డతో తుడిచెయ్యాలి. ఎవరూ చూడనిది ఇంకోటి: తలుపు కింది అంచున రెండు మూడు చిన్న కన్నాలుంటాయి. అద్దం పక్కనుంచి తలుపులోకి దిగిన వాననీళ్ళు వాటిలోంచే బయటికి పోవాలి. శరదృతువులో రాలిన ఆకుల పొడి వాటిని మూసేస్తుంది. తలుపు ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడొస్తే మూసుకుపోయినట్టే. ఆ నీళ్ళు గడ్డకట్టి రెగ్యులేటర్ కింది భాగాన్ని పట్టేస్తాయి. ప్లాస్టిక్ జిప్ టై మొనతో పొడిస్తే నీళ్ళు ధారగా కారిపోతాయి.

చలికాలంలో ఉప్పు కడగడానికి కార్ వాష్ తప్పదు. 32 ఫారెన్‌హీట్ దాటిన రోజు మధ్యాహ్నం చేయిస్తే మంచిది, 20కి కింద ఉంటే నేను వెళ్ళను. వాష్ అయ్యాక పక్కన ఆపి అన్ని తలుపులూ తెరిచి, మైక్రోఫైబర్ గుడ్డతో బీడింగులు, గొళ్ళేలు, పెట్రోల్ మూత చుట్టూ తుడిచి, ఒక్కో తలుపు రెండుసార్లు తీసి వెయ్యాలి. ఐదు నిమిషాల పని. వెచ్చటి గరాజ్ ఉన్నవాళ్ళు పొద్దున బయల్దేరే ముందు ఇదే తుడుపు తుడిస్తే సాయంత్రం ఆఫీసు దగ్గర ఇబ్బంది ఉండదు. బూట్ల మంచు కరిగి మ్యాట్‌లో నిలిచిన నీళ్ళు కూడా పారబొయ్యాలి. ఆ తేమే రాత్రికి అద్దం లోపలివైపు గడ్డకడుతుంది. డీఫ్రాస్ట్ వేసినప్పుడు గాలి లోపలే తిరిగే బటన్ ఆపి, ఏసీ కూడా వెయ్యాలి. చలిలో ఏసీ ఏంటని వింతగా అనిపిస్తుంది కానీ, సున్నాకి కాస్త పైనున్న రోజుల్లో గాలిలోని తేమను పీల్చేది అదే.

బీడింగ్ చిరిగిపోతే వదిలెయ్యకండి. అంగుళం లోపు చిరుగైతే బీడింగులకే అమ్మే నల్ల జిగురుతో, వెచ్చటి చోట, రెండు పక్కలా పలచగా రాసి కాసేపు ఆరనిచ్చి కలిపి నొక్కితే పడుతుంది. ఇంకా పెద్దదైతే మార్చడమే. చాలా కార్లలో అది అంచుకి నొక్కితే కూర్చునే రకం కాబట్టి సొంతంగా వేసుకోవచ్చు. కొత్తది సాగదీసి వెయ్యకండి, చలికి కుంచించుకుని మూలల దగ్గర ఖాళీ వస్తుంది.

ఇక సామాను ఎక్కడ పెట్టాలో. స్ప్రే సీసా, ఒక స్క్రేపర్, గుడ్డ, శానిటైజర్, అన్నీ ఇంటి గుమ్మం దగ్గర బూట్ల పక్కన పెడతాను. ఇంకో స్క్రేపర్ కారులో ఉంటుంది. అన్నీ కారులోనే పెట్టుకుంటే, తలుపు రాని రోజున అవి అద్దం అవతలే ఉండిపోతాయి.